చెయ్యి ఊరుకున్న ఇరవై సెకన్లు

ఈ గౌను కుట్టినవాళ్ళెవరో గానీ కుడివైపు స్లీవు ఎడమకీ ఎడమది కుడికీ అతికించేశారు, తొడుక్కోగానే తెలిసిపోయింది, చంక దగ్గర ముందువైపు గుడ్డ బిగుసుకుపోయి వెనక సంచిలా మిగిలింది, ఇన్ని వందలమంది దీన్ని తొడుక్కుని ఈ బల్ల మీద పడుకుని లేచి వెళ్ళి ఉంటారు, ఒక్కరికైనా అనుమానం రాలేదా, తలలో గడ్డ ఉందని తెలిసినవాళ్ళు స్లీవు సంగతి ఎందుకు పట్టించుకుంటారులే, నాలాంటి చాదస్తులు తప్ప. ఇప్పుడు వంగి చూసుకోవడానికి కూడా లేదు. తల చుట్టూ పంజరంలాంటిది బిగించారు, చెవుల పక్కన స్పాంజి కుక్కారు, కళ్ళకి ఎదురుగా చిన్న అద్దం పెట్టారు, ఆ అద్దంలో నా కాళ్ళ అవతల ఎక్కడో ఉన్న తెర కనిపిస్తోంది, ఎడమ చేతిలో రబ్బరు బుడ్డి ఇచ్చి భయమేస్తే నొక్కమన్నారు. కుడి చేతిని మాత్రం ఖాళీగా తుంటి పక్కన పెట్టి వెళ్ళారు. దాని కోసమే ఈ హడావుడంతా.

పోయిన వారం వచ్చినప్పుడు ఒంటి మీద ఇనుమేమైనా ఉందా అని అడిగితే ఏమీ లేదని గట్టిగా చెప్పాను, తీరా చూస్తే జాకెట్టు అంచులో సూది, మెడ వెనక రెండు గుండుసూదులు, ఎప్పుడు గుచ్చుకున్నానో నాకే తెలీదు. వాటిని తీసిన అమ్మాయి వేళ్ళు ఎంత చల్లగా ఉన్నాయంటే ఆ క్షణం నుంచీ ఆమెకి నా మనసులో మంచుచేతుల పిల్ల అనే పేరు ఖాయమైపోయింది. ఈ స్కానింగ్ మిషను నడిపేది ఆమే. అద్దాల గదిలో కూర్చుని నా చెవిలోకి మాట్లాడుతుంది. ఇవాళ చెల్లెలు నన్ను గుమ్మం దాటనివ్వకుండా ఆపి, అంచులన్నీ తడిమి, ఒక సూది పట్టుకుంది. నీకంటే ఈ సూదుల పెట్టె నయం అక్కా, అందులో సూదులు ఎన్నున్నాయో తెలుస్తుంది అంది.

"మొదలుపెడుతున్నానమ్మా. పని తెలుసుగా? చెయ్యి బొమ్మ కనిపిస్తే వేళ్ళన్నీ ఒక్కొక్కటిగా బొటనవేలికి తగిలించాలి. ప్లస్ గుర్తు వస్తే ఊరుకోవాలి. ఇరవై సెకన్లు పని, ఇరవై సెకన్లు రెస్టు."

మొదట ఎవరో తలుపు బాదినట్టు నాలుగు దెబ్బలు, తర్వాత కాసేపు ఏమీ లేదు, ఆ తర్వాత అసలు శబ్దం, టకటకటకటక, ఒకే వేగం, ఎక్కడా ఆగదు, చెల్లెలు మోటారు మిషను మీద ప్యాంటు పక్క కుట్టు వేస్తున్నట్టే ఉంది. ముప్ఫై ఏళ్ళుగా నా వీపు వెనక ఉన్న శబ్దం ఇది. నేను బల్ల దగ్గర కత్తిరిస్తాను, అది నా వెనక కూర్చుని కుడుతుంది. శబ్దం ఆగిందంటే దారం తెగిందనో, నా మీద అలిగిందనో అర్థం. చెయ్యి బొమ్మ వచ్చింది, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు, మళ్ళీ చూపుడు వేలు. ఏ వేలు కదిలితే తలలో ఆ చోటికి రక్తం పరిగెడుతుందట, మిషను దాన్ని పట్టుకుంటుందట. గమ్మత్తుగా లేదూ, ఇన్నేళ్ళు చెయ్యి భుజానికి వేలాడుతోందనుకున్నాను, అసలు ఇల్లు పైన ఉందన్నమాట, జుట్టు కింద, పుర్రె కింద, నేను రోజూ దువ్వెన పెట్టే చోట. యాభై రెండేళ్ళు దాని మీదే పాపిడి తీసుకున్నాను.

సంగతి జడ్జి గారి కోటుతో బయటపడింది. నల్ల ఉన్ని గుడ్డ, దాని మీద తెల్ల సుద్ద గీత, ఎవరికైనా వణుకు పుట్టించే పని, నాకు మాత్రం ఇష్టమైన పని. వెనక భాగం కత్తిరిస్తుంటే కుడి బొటనవేలు తనంతట తాను టపటపా కొట్టుకుంది, కనురెప్ప అదిరినట్టు, పది సెకన్లో ఇరవై సెకన్లో, కత్తెర గీత దాటి వెంట్రుకవాసి పక్కకి పోయింది. నేనేం చేశానో తెలుసా, కత్తెరని తిట్టి సానకి పంపాను. సాన పట్టినవాడు కత్తెర బంగారంలా ఉంది, మీ చెయ్యి చూపించుకోండి అన్నాడు, వాడికి నవ్వులాట, నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ రెండు వారాలకి అదే వేలు, ఈసారి మణికట్టు దాకా. అప్పుడు చెల్లెలు నన్ను లాక్కొచ్చింది. కోటు గుడ్డ అలాగే బల్ల మీద పరిచి ఉంది, సుద్ద గీతలతో, సగం తెగి.

డాక్టరు గారి ఎడమ భుజం కుడిదానికంటే అర అంగుళం దిగువ. మొదటిసారి గదిలోకి రాగానే చూశాను, రెడీమేడ్ కోటు కాబట్టి ఒక పక్క ముడత పడింది, ఆ భుజంలో చిన్న దిండు పెడితే సరిపోతుంది, చెప్పాలా వద్దా అని ఆలోచిస్తుంటే ఆయన నా తల గురించి చెప్పడం మొదలుపెట్టారు. ప్రాణం తీసే గడ్డ కాదు, కానీ ఉండే కొద్దీ పెరిగేది. చెయ్యిని ఆడించే చోటుకి కాస్త ముందు కూర్చుంది. ఎంత ముందు అన్నదే ప్రశ్న. మరో రకం స్కానింగ్‌లో తీసిన బొమ్మ చూపించారు, అందులో నా మెదడంతా రంగు దారాలే, పక్కకి వెళ్ళేవి ఎరుపు, ముందుకు వెళ్ళేవి పచ్చ, పైనుంచి కిందికి దిగేవి నీలం, మా షాపులో దారాల సొరుగు లాగితే ఇలాగే ఉంటుంది. ఆ నీలం కట్టలోనే ఎక్కడో మీ చేతి దారాలున్నాయి, గడ్డ వాటిని నెట్టిందే గానీ తెంపలేదు, అవి బాగుంటే చెయ్యి తిరిగి వస్తుందని ముందే చెప్పగలం అన్నారు. అయితే ఆ కట్టలో చేతివి ఏవి, భుజానివి ఏవి అన్నది పైన చెయ్యి ఉండే చోటు దొరికితేనే తేలుతుంది. దొరికితే గడ్డ మొత్తం తీస్తాను, దొరక్కపోతే భయంతో కొంత లోపలే వదిలేస్తాను, వదిలింది మళ్ళీ పెరుగుతుంది. ఇంత సూటిగా చెప్పే మనిషి భుజం గురించి నేనూ సూటిగా చెప్పాల్సింది.

శబ్దం ఆగింది.

"అమ్మా, పోయిన వారంలాగే ఇవాళా బొమ్మ రావట్లేదు. డాక్టరు గారు నా పక్కనే ఉన్నారు. ప్లస్ గుర్తు ఉన్నప్పుడు మీరు నిజంగా ఊరుకుంటున్నారా?"

"రాయిలా పడున్నాను తల్లీ. వేలు కూడా కదపలేదు."

"కదపలేదు, చూశాం. కానీ మిషను చూసేది తేడానమ్మా. పనిలో వెలిగిన దాంట్లోంచి రెస్టులో వెలిగింది తీసేస్తే మిగిలేదే బొమ్మ. మీకు రెండూ ఒకేలా ఉన్నాయి, ఏమీ మిగలట్లేదు. కదపకపోయినా, కదుపుతున్నట్టు ఊహించుకున్నా చాలు, ఆ చుట్టుపక్కల వెలుగుతుంది. మనసులో ఏమైనా చేస్తున్నారా?"

నోటిదాకా వచ్చిన లేదు అన్న మాట అక్కడే ఆగిపోయింది. చేస్తున్నాను. చేస్తూనే ఉన్నాను. ఆ టకటక మొదలైనప్పటి నుంచీ, పోయిన వారం కూడా, ప్లస్ గుర్తు వచ్చిన ప్రతిసారీ జడ్జి గారి కోటు కత్తిరిస్తున్నాను. ఇరవై సెకన్లకి ఎంత తెగుతుందో నాకు తెలుసు, ఒక రెస్టులో వెనక భాగం, ఇంకో రెస్టులో చంక వంపు, ఇందాకే ఎడమ ముందు భాగం పూర్తిచేసి పక్కన పెట్టాను. గుడ్డ అక్కడ సగం తెగి పడి ఉంది, నేను ఇక్కడ ఖాళీగా పడుకుని ఉన్నాను, కాస్త పని చూసుకుంటే ఎవరికి నష్టం అనుకున్నాను, అసలు అది పని అని కూడా అనుకోలేదు. ఎంత తెలివితక్కువదాన్ని. చెయ్యి ఎక్కడుందో వెతుక్కోండని తల అప్పజెప్పి, వాళ్ళు వెతుకుతున్నంతసేపూ దాన్ని దాచిపెట్టింది నేనే.

"కోటు కత్తిరిస్తున్నానమ్మా," అన్నాను.

చెవిలో డాక్టరు గారి నవ్వు దూరంగా వినిపించింది. ఇంకా రెండు విడతలు ఉన్నాయమ్మా, చేతితో సంబంధం లేనిది ఏదైనా తలుచుకోండి అంది మంచుచేతుల పిల్ల. ఎంత తేలిగ్గా అనేసిందో.

చేతితో సంబంధం లేనిది. శబ్దం మళ్ళీ మొదలైంది, ప్లస్ గుర్తు వచ్చింది, సముద్రం అనుకున్నాను, అందరూ ప్రశాంతత అంటే సముద్రమే అంటారు, సముద్రం ముందు కూర్చున్నాను, కూర్చున్న ఐదు సెకన్లకే చీర అంచు పట్టుకుని ఇసుక దులిపి మడత పెడుతున్నాను. వద్దు. చెయ్యి బొమ్మ, వేళ్ళు, వేళ్ళు. ప్లస్. బస్సు ప్రయాణం, కిటికీ పక్క సీటు, ఏమీ చేయక్కర్లేదు, కానీ ముందు సీటాయన కాలరు ఒక పక్క వంకరగా కుట్టి ఉంది, నా బొటనవేలు కుట్టు ఎక్కడ విప్పాలో వెతుకుతోంది. వద్దు. నిద్ర అనుకుంటే, నిద్రలో నువ్వు దుప్పటి అంచు మడుస్తావక్కా అని చెల్లెలు ఎన్నిసార్లు చెప్పలేదు. నాన్న పోయినరోజు కూడా ఈ చెయ్యి ఊరుకోలేదు. ఆయన చొక్కా రెండో గుండీ వదులుగా వేలాడుతోందని, అందరూ ఏడుస్తుంటే నేను సూదీ దారం తెచ్చుకుని ఆయన ఛాతీ మీదే కుట్టాను, కుట్టి దారం పంటితో తెంపాను, అప్పుడు గానీ ఏడవలేదు. యాభై రెండేళ్ళలో ఇరవై సెకన్లు, ఒక్క ఇరవై సెకన్లు ఈ చెయ్యి ఊరికే ఉన్నది నాకు గుర్తు రావడం లేదు. మొదటిసారి భయం వేసింది. గడ్డ అన్నప్పుడు వెయ్యలేదు, పుర్రె తెరుస్తామన్నప్పుడు వెయ్యలేదు. ఈ చెయ్యి పడిపోతే ఇక మిగిలే మనిషి ఎవరో నాకు తెలీదు, ఆవిడని నేనెప్పుడూ చూడలేదు. విడత అయిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు, అంటే రాలేదన్నమాట.

ఆఖరి విడత. టకటకటక. చెయ్యి బొమ్మ. చూపుడు వేలు, మధ్య వేలు. మా షాపుకి వచ్చేవాళ్ళు కొలతలకి నిలబడితే ఒక్కొక్కళ్ళు ఒక్కోరకం, కొందరు పొట్ట లోపలికి లాక్కుంటారు, కొందరు పరేడులోలా బిగుసుకుపోతారు, భుజం దగ్గర టేపు పెట్టి ముంజేతి దాకా దింపేటప్పుడు అందరికీ ఒకే మాట చెబుతాను, చెయ్యి వదులుగా వెయ్యండి, అప్పుడు ఆ చెయ్యి నిజంగా కిందికి జారుతుంది, భుజం కూడా కాస్త దిగుతుంది, ముఖం మారుతుంది. రోజుకి పదిసార్లు చెప్పే మాట. నాకెవరైనా చెప్పారా. నా బట్టలు నేనే కొలుచుకుంటాను, నేనే కత్తిరించుకుంటాను. ఎవరైనా చెప్పారా. ప్లస్ గుర్తు. చెప్పారు. ఒక్కసారి.

తొమ్మిదేళ్ళప్పుడు. బల్ల పక్కన స్టూలు మీద నిలబెట్టారు నాన్న, అప్పటిదాకా మిగిలిన ముక్కలతోనే గౌన్లు, మొదటిసారి కొత్త తాను విప్పి నాకోసమే కోసిన గుడ్డ, లేత నీలం, చిన్న చుక్కలు. ఆయన టేపు మెడలో వేసుకుని నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు, ఆయన తల నాకంటే కిందికి రావడం ఎప్పుడూ చూడలేదు, పాపిడి కనిపించింది, చెవి వెనక సుద్ద అంటుకుని ఉంది. భుజం మీద ఆయన వేలు ఆగింది. చెయ్యి వదులుగా వెయ్యమ్మా అన్నారు. వేశాను. చల్లటి టేపు చర్మం మీదుగా మోచేయి దాటి జారుతుంటే, ఆ చెయ్యి నాది కాదు, ఆయనది, కొలిచేంతసేపూ ఆయనే చూసుకుంటారు. అంకె పైకి చెప్పారు. ఐదేళ్ళ చెల్లెలు టేపు రెండో కొస పట్టుకుని ఉంది, ఎడమ చేత్తో, నాలుక బయటపెట్టి. చెయ్యి బొమ్మ వచ్చింది, వేళ్ళు కదిపాను, ప్లస్ గుర్తు, మళ్ళీ స్టూలు ఎక్కాను, చెయ్యి వదిలేశాను, మళ్ళీ, మళ్ళీ. అదే రోజు ఆయన మా ఇద్దరికీ కత్తెర ఇచ్చి ముక్కగుడ్డ మీద గీత గీసి కత్తిరించమన్నారు. నేను గీత మీదే వెళ్ళాను. చెల్లెలి చేతిలో గుడ్డ తెగలేదు, రెండు రేకుల మధ్య మడతపడి నలిగింది, కుడిచేతివాటం వాళ్ళకి చేసిన కత్తెర అది, అప్పుడెవరికి తెలుసు. నీకు ఇది కుదరదులేమ్మా, నువ్వు కుట్టుకో అన్నారు నాన్న. ఆ మాటే నేను నలభై ఏళ్ళుగా దానికి చెబుతున్నాను. అసలు ఆ క్షణంలో చెల్లెలి ముఖం ఎలా ఉంది? నేను చూడలేదు, నా గుడ్డ చూసుకుంటున్నాను. దాని చేతికి తలలో ఇల్లు ఇటు కాదు, అటు పక్క ఉంటుంది కదూ, అక్కడ ఏమేం వెలుగుతుంటాయో, నా వీపు వెనక కూర్చుని ఆ టకటక మధ్యలో ప్లస్ గుర్తు వచ్చినప్పుడల్లా అది మనసులో ఏం కత్తిరిస్తుండేదో.

శబ్దం ఆగింది. వచ్చిందమ్మా అంది మంచుచేతుల పిల్ల, ఆమె గొంతు కూడా కాస్త వెచ్చగా ఉంది.

డాక్టరు గారు తెర దగ్గర స్టూలు లాగి కూర్చోమన్నారు. బూడిదరంగు మెదడు మీద ఒక నారింజ చుక్క, మంచి పెద్ద గుండీ అంత. అదే. నేను వంగి చాలాసేపు చూశాను, ఆయన తొందరపెట్టలేదు. నాన్న కత్తెర, జడ్జి గారి కోటు, దుప్పటి అంచు, ఆ రెండో గుండీ, అన్నీ ఇంత చోటులోంచే నడిచాయా. చుక్కకి ముందు నల్లగా గడ్డ, రెండిటి మధ్య సన్నటి సందు. చుక్క కిందనుంచి నీలం దారాలు కొన్ని చక్కగా దిగుతున్నాయి.

"ఆ సందు ఎంతుంటుందండీ?"

"ఒక సెంటీమీటరు పైన."

"అర అంగుళం లోపు," అన్నాను. మేము కుట్టుకి వదిలేది దాదాపు అంతే. "చాలుతుందా?"

"చాలుతుంది. ఆపరేషన్లో సన్నటి కరెంటుతో తట్టి మళ్ళీ సరిచూసుకుంటాను. గడ్డ మొత్తం తీయొచ్చు. కానీ ఒకటి చెప్పాలి. అయిన వెంటనే చెయ్యి మాట వినదు, బెదిరిపోకండి. గడ్డ ఉన్న చోటు పనికి ముందు సన్నాహం చేసే చోటు, అది పోగానే చెయ్యి మొదలుపెట్టడం మర్చిపోతుంది. ఈ దారాలు చూస్తుంటే వారాల్లో కదులుతుంది, మూడు నెలలకి గుండీలు మీరే పెట్టుకుంటారు."

"గీత మీద కత్తిరిస్తానా?"

ఆయన తెర వైపు చూశారు, ఆ నారింజ చుక్కని అడిగి చెబుదామన్నట్టు. "అది ఈ బొమ్మలో లేదు. బలం చెప్పగలను. పనితనం ఎంత వస్తుందో చెప్పలేను. కొంత వదిలేసి తీయమంటే అలాగే చేస్తాను, ఆలోచించుకోండి."

ఆలోచించుకోవడానికి ఏముంది. పెరిగే దాన్ని లోపల పెట్టుకుని, రోజూ బొటనవేలి వైపు చూసుకుంటూ, కత్తెర పట్టుకోవడమా. "మొత్తం తీసెయ్యండి," అన్నాను. అని, లేచేముందు, "మీ ఎడమ భుజంలో చిన్న దిండు పెట్టించుకోండి డాక్టరు గారూ, అర అంగుళం దిగువ ఉంది," అని కూడా చెప్పేశాను. ఆయన భుజం తడుముకున్నారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఎవరూ చెప్పలేదే అన్నారు.

బయట హాల్లో చెల్లెలు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చెప్పిందంతా విన్నది, మూడు నెలలు అన్న దగ్గర వేళ్ళ మీద లెక్కపెట్టింది, పనితనం అన్న దగ్గర తల దించుకుంది. నాకు ఏడుపు వచ్చింది, అలా వచ్చినప్పుడు నేను పని గురించి మాట్లాడతాను.

"ఏమే, జడ్జి గారికి గుడ్డ తిరిగి ఇచ్చెయ్యాలి. ఇంకెక్కడైనా కుట్టించుకోమందాం."

"ఇవ్వడానికి లేదక్కా."

"ఏం?"

"నిన్న రాత్రి కత్తిరించేశాను."

నల్ల ఉన్ని, నా గీతలు. దేనితో అన్నాను. అది సంచిలోంచి పాత ఫ్లానెల్ చుట్ట తీసి విప్పింది, లోపల కత్తెర, మొదట మామూలుదే అనుకున్నాను, చేతిలోకి తీసుకుంటే వేళ్ళు పట్టలేదు, రేకులు తిరగేసి ఉన్నాయి, అద్దంలో చూస్తున్నట్టు. ఎడమచేతి కత్తెర. పిడి మీద రంగు అరిగిపోయి ఉంది, కొత్తది కాదు. పదకొండేళ్ళు అయింది కొని అంది. దాని కూతురి గౌన్లన్నీ దాంతో కత్తిరించినవేనట, వాటిని చూసి రెడీమేడ్ అయినా కటింగ్ బాగుందే అని మెచ్చుకున్నది నేనే. నాకెందుకు చెప్పలేదే అంటే, నువ్వు ఎప్పుడైనా అడిగావా అంది, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. సిగ్గేసింది.

"కుట్టుకి ఎంత వదిలావు?"

"ముప్పావు."

"నేను అర వదులుతాను."

"తెలుసు. మొదటి కోటు కదా, సరిచేసుకోవడానికి ఉంటుందని పావు ఎక్కువ వదిలాను." తర్వాత నా ఎడమ చెయ్యి లాక్కుని, బొటనవేలు పిడిలోకి తోసింది. "పట్టుకో. మూడు నెలలు ఊరికే కూర్చుంటే షాపులో ఎవర్నీ బతకనివ్వవు. ఇదైతే నీకు ఇప్పటినుంచే అలవాటవుతుంది."

కుర్చీలో ఎవరో వదిలేసిన పేపరు తీసి నా ముందు పట్టుకుంది, గోటితో వంపు గీత గీసింది, చంక వంపు. కత్తిరించాను. ఘోరంగా వచ్చింది, ఎలుక కొరికినట్టు. చెల్లెలు పకపకా నవ్వింది. ఇంకో గీత గీసి, బిగించకక్కా, వదులుగా పట్టుకో, రేకుని దాని దారిన పోనియ్యి అంది. ఆ మాట ఎక్కడిదో, ఎవరిదో ఇద్దరికీ తెలుసు. నేను అది చెప్పినట్టే చేశాను. ఈసారి పేపరు నలగలేదు, తెగింది, గీత మీద కాదు గానీ గీత పక్కనే. ఎడమ చెయ్యి తడబడుతూ మూడో గీత మొదలుపెట్టింది. కుడి చెయ్యి నా పక్కన కిందికి వేలాడుతోంది, ఏమీ చేయకుండా, దానికి ఎవరూ చెప్పకుండానే.